గడ్డ తీశారు సరే, నరం సంగతేంటి?

పురుషాంగం మీదో వృషణాల సంచిలోనో గడ్డ చేతికి తగిలితే మగవాడికి వచ్చే మొదటి ఆలోచన క్యాన్సరేమోనని, రెండోది ఎవరికీ చెప్పకూడదని. అలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే, అరుదుగా కొందరిలో అది నరం చుట్టూ ఉండే కణాల నుంచి పుట్టిన ష్వానోమా అనో, న్యూరోఫైబ్రోమా అనో తేలుతుంది. క్యాన్సర్ కాదు, తీసేస్తే సరిపోతుంది అంటారు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తీసేస్తే నిజంగా సరిపోతుందా అన్నదే నా అభ్యంతరం.

ఈ రెండు గడ్డలూ ఒకటి కావు. ష్వానోమాకి సాధారణంగా తనదంటూ ఒక తొడుగు ఉంటుంది, నరం పోగుల్ని పక్కకి నెట్టుకుంటూ పెరుగుతుంది కాబట్టి, ఓపికగా చేస్తే నరాన్ని చాలావరకు కాపాడుతూ గడ్డని ఒలిచి తీయొచ్చు. న్యూరోఫైబ్రోమా అలా కాదు, నరం పోగులు దాని లోపల్నుంచే వెళ్తుంటాయి, మొత్తం తీయాలంటే ఆ పోగుల్లో కొన్ని తెగక తప్పకపోవచ్చు. బయటికి మాత్రం రెండూ ఒకేలా, మెల్లగా పెరిగే, తరచుగా నొప్పి లేని ముద్దలా కనిపిస్తాయి. అంగం గట్టిపడినప్పుడు నొప్పి వచ్చినా, వంగినట్టున్నా పెయిరోనీస్ వ్యాధి (అంగం లోపల గట్టి మచ్చలాంటి కణజాలం ఏర్పడి అంగం వంగిపోయే జబ్బు) అనుకునే అవకాశం ఉంది. మరికొందరిలో మామూలు సిస్ట్ అనుకుంటారు.

అందుకే కత్తి పట్టకముందే అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఎమ్మారై చేయాలంటాను. గడ్డ ఎంత లోతులో ఉంది, స్తంభనకి, అంటే అంగం గట్టిపడటానికి, పనిచేసే కణజాలాన్ని తాకుతోందా, రక్తనాళాలకీ నరానికీ ఎంత దగ్గరగా ఉంది అన్నవి ముందే తెలుస్తాయి. పేరు ఖాయం చేయాల్సింది మాత్రం పాథాలజిస్టే. సూక్ష్మదర్శిని కింద కణాల అమరిక చూసి, ఎస్-100 అనే ప్రోటీన్ పరీక్షతో అది నరం తొడుగు కణాలదేనా అని చూస్తారు. సంచిలోని గడ్డ అయితే అది వృషణం లోపలిదా, బయటిదా అన్నది ముందు తేలాలి. బయటివి ఎక్కువగా ప్రమాదం లేనివి, లోపలివి ఎక్కువగా క్యాన్సర్లు. వృషణ క్యాన్సర్ అనుమానం ఉంటే సంచి మీదుగా సూది గుచ్చరు, ఆపరేషన్ కూడా గజ్జల దగ్గర కోసే చేస్తారు.

చిన్న గడ్డకి ఇంత హడావుడి ఎందుకు, పూర్తిగా తీసేస్తే మళ్లీ రావడం అరుదే కదా అనే సర్జన్లు ఉన్నారు. చర్మం కిందే కదులుతూ కనిపించే చిన్న ముద్ద విషయంలో వాళ్ల మాట కొంత నిజమే. కానీ మళ్లీ రాకపోవడం ఒక్కటే గెలుపు అనుకోవడం దగ్గరే నేను ఒప్పుకోను.

పురుషాంగం పైభాగం వెంట వెళ్లే నరం అంగం కొనకి స్పర్శనిస్తుంది. స్తంభనకి ముఖ్యంగా పనిచేసే నరాలు వేరు. అంటే ఆపరేషన్ తర్వాత స్తంభన బాగానే ఉండి, స్పర్శ సగం పోయి ఉండొచ్చు. చెకప్‌లో 'స్తంభన వస్తోందా?' అని అడిగితే వస్తోందంటాడు, ఫైల్ మూసేస్తారు. తిమ్మిరిగా ఉందని, ఇదివరకటి సుఖం లేదని, భార్య పక్కన టెన్షన్ పడుతున్నానని తనంతట తానుగా చెప్పుకునే మగవాళ్లు ఎంతమంది ఉంటారు? ఈ చోట వచ్చే ఇలాంటి గడ్డల గురించి వైద్యానికి తెలిసిందంతా దాదాపు ఒక్కో రోగి కథగా రాసిన రిపోర్టుల్లోంచి వచ్చిందే. ఆ ఒక్కో కథలోనూ స్పర్శ గురించి రాయకపోతే తర్వాతి సర్జన్‌కి నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

అసలు మగవాడి లైంగిక ఆరోగ్యాన్ని పనిచేస్తోందా, లేదా అనే ఒక్క ప్రశ్నకి కుదించేశాం. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అంతే. ఒంట్లో మిగతా నరాలకి ఆపరేషన్ చేస్తే సాధారణంగా ముందూ వెనకా స్పర్శ చూసి రాస్తారు, ఇక్కడ మాత్రం డాక్టరూ మొహమాటపడతాడు, రోగీ మొహమాటపడతాడు.

కాబట్టి ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కి సంతకం పెట్టేముందు మూడు విషయాలు అడగండి: ఏ నరం మీద ఉంది, ఆ నరాన్ని భూతద్దాలతోనో మైక్రోస్కోప్‌తోనో చూస్తూ కాపాడే అనుభవం మీకుందా, నా స్పర్శని ఇప్పుడే పరీక్షించి రాస్తారా. గడ్డలు ఒకటికి మించి ఉన్నా, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు చాలా ఉన్నా న్యూరోఫైబ్రోమాటోసిస్ (నరాల మీద ఇలాంటి గడ్డలు పుట్టే జన్యు వ్యాధి) గురించి కూడా అడగాలి, ఎందుకంటే అందులో టైప్ 1 ఉన్నవాళ్లలో ఇలాంటి గడ్డ క్యాన్సర్‌గా మారే ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఉన్న గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, కొత్తగా నొప్పి మొదలైనా వెంటనే చూపించుకోవాలి.