సవరణ: గ్రే చిలుక రిజిస్ట్రేషన్ వేరు, బ్రీడింగ్ లైసెన్సు వేరు

ఆఫ్రికన్ గ్రే చిలుకను కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేస్తే సరిపోతుందని మొన్న రాశాను కదా, అది ఇంట్లో పెంచుకోవడం వరకే. పిల్లలు తీయించాలంటే లైసెన్సు వేరే కావాలి, ఎందుకంటే గ్రే 2017 నుంచి సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, ఆ జాబితాలోని జీవుల బ్రీడింగ్‌కు 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం సెక్షన్ 49ఎన్ ప్రకారం రాష్ట్ర వన్యప్రాణి విభాగం పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. బడ్జీలు, కాక్‌టీల్స్ లాంటి చిన్న విదేశీ చిలుకలకు ఈ తలనొప్పి లేదు.

ఖర్చంటే ఫీజు ఒక్కటే లెక్కేసుకోకండి. జతకు సరిపడా పెద్ద పంజరం, గుడ్లు పెట్టడానికి చెక్క పెట్టె, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు, పిల్లలకు గోరువెచ్చగా కలిపి రాత్రిళ్లు కూడా లేచి పట్టాల్సిన ఫీడ్, అసలు భారం అక్కడే.

రామచిలుక మాత్రం మన అడవి పక్షి. దాన్ని పోర్టల్‌లో ఎక్కించి పెంచుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, పంజరంలో పెట్టడమే నేరం.