ఘాట్ రోడ్డు చీటీ అలిపిరి దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

తిరుమల నుంచి కారులో దిగేవాళ్లకు 40 నిమిషాల లెక్క బాగా తెలుసు. పైన గేటు దగ్గర టైం వేసిన చీటీ ఇస్తారు, కింద అలిపిరిలో చూస్తారు. ముందే దిగిపోతే జరిమానా. దారి దాదాపు 18 కిలోమీటర్లు, అంటే సగటున గంటకు 27 కిలోమీటర్ల వేగం. చివరి మలుపుల్లో బండి పక్కకు ఆపి, ఫోన్ చూసుకుంటూ టైం గడిపేవాళ్లూ ఉన్నారు, కాదనను. అయినా దారి పొడవునా డ్రైవర్‌కు ఆ చీటీ గుర్తుంటుంది. కెమెరా దాటాక మళ్లీ తొక్కేద్దాంలే అనుకోవడం అక్కడ కుదరదు.

అదే కారు అలిపిరి దాటి కపిలతీర్థం రోడ్డెక్కితే ఇక పట్టపగ్గాలుండవు. తిరుపతి ఊళ్లో లోయ కనిపించదు కాబట్టి భయమూ ఉండదు.

తెల్లవారుజామున ఐదింటికి బస్టాండు ముందు కాసేపు నిలబడి చూడండి. రాత్రంతా ప్రయాణం చేసి దిగిన కుటుంబం, ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిని పట్టుకుని నిద్రమత్తులో తూలుతున్న పిల్లాడు. బండ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడరు, కొండ ఎటు ఉందో వెతుక్కుంటుంటారు. సరిగ్గా ఆ వేళకే రోడ్డు ఖాళీ. దర్శనం స్లాట్ దాటిపోతుందన్న టెన్షన్‌లో టాక్సీలు దూసుకొస్తుంటాయి. పగలు మనం తిట్టుకునే ట్రాఫిక్ జామే చాలామందిని కాపాడుతోందేమో!

ఆ పిల్లాడు 14 మీటర్ల దూరంలో అడ్డం వచ్చాడనుకుందాం. చూసి, బ్రేకు తొక్కడానికి డ్రైవర్‌కు సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 30లో వస్తుంటే ఆ సెకనులో బండి 8 మీటర్లకు పైగా కదులుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే మరో 5 మీటర్లలో ఆగుతుంది. పిల్లాడు బెదురుతాడు, అంతే. 50లో వస్తుంటే ఆ 14 మీటర్లూ ఒక్క సెకనులోనే అయిపోతాయి. బ్రేకు పట్టుకునేలోపే, వేగం ఏమాత్రం తగ్గకుండా గుద్దేస్తుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చట్టం సంగతి వేరు. 2018 కేంద్ర నోటిఫికేషన్ మున్సిపల్ రోడ్లపై కార్లకు 70, బైకులకు 60 దాకా అనుమతించింది. అది పైహద్దే, రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు. లీలామహల్ సర్కిల్‌లో 70 అంటే ఆటోవాళ్లే నవ్వుతారు. పైగా శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద కాసేపు అడ్డూ ఆపూ లేకుండా వెళ్లిన కంటికి, కిందికి దిగాక 50 కూడా నెమ్మదిగానే అనిపిస్తుంది.

కాబట్టి కొండ మీది పద్ధతినే ఊళ్లోకి దించాలి. చీటీ అక్కర్లేదు, రద్దీ రోడ్డుకు రెండు చివర్లా నంబర్ ప్లేటు చదివే కెమెరాలు పెట్టి, మధ్య దూరానికి పట్టిన టైం లెక్కగడితే సరి. స్పీడ్ బ్రేకర్లు కూడా వేగం తగ్గిస్తాయి కానీ, రుయా ఆసుపత్రికి వెళ్లే అంబులెన్స్‌లో ఉన్న రోగి నడుం సంగతేమిటి?

ఆలస్యమైపోతుందని గొణిగేవాళ్లుంటారు. ఐదు కిలోమీటర్లు 50లో వెళ్తే 6 నిమిషాలు, 30లో వెళ్తే 10. ఆ మిగిలిన నాలుగింట్లో సగం సిగ్నల్ దగ్గరే పోతుంది. ఆ తర్వాత వెళ్లి దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో గంటలకు గంటలు కూర్చునేదీ మనమే.