‘8 గంటల డ్యూటీకి ఒత్తిడా?’ అంటున్నవారికి

ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. “నర్సులది 8 గంటల డ్యూటీ. రాత్రిళ్ళు కూర్చునే ఉంటారు. ప్రైవేటులోనూ మంచి జీతాలే. సేవ చేయవలసినవాళ్ళు ఒత్తిడి అని సాకులు చెబుతున్నారు, కాసేపు ధ్యానం చేసుకుంటే అదే పోతుంది” అని దాని సారాంశం. పద్దెనిమిదేళ్ళు వార్డుల్లో పనిచేసినదాన్ని. ఇందులో ఒక్క మాట కూడా వదిలిపెట్టబుద్ధి కావడం లేదు.

8 గంటలన్నది కాగితం మీది లెక్క. తర్వాతి షిఫ్టు నర్సుకు మంచం మంచం దగ్గరా ఏ మందు పడిందో, ఏది పడాలో అప్పగించి, కేస్ షీట్లు పూర్తి చేస్తే గానీ గడప దాటలేం. ఆమె రాకపోతే ఆ డ్యూటీ కూడా మనదే. డాక్టర్లదీ ఇదే గోడు. ఆసుపత్రుల్లో పనిచేస్తూ శిక్షణ పొందే రెసిడెంట్ డాక్టర్లు మామూలుగా వారానికి 48 గంటలు పనిచేయాలని, ఏకధాటి డ్యూటీ 12 గంటలు మించరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం వారానికి 74 గంటలు దాటనివ్వవద్దని సిఫారసు చేసింది. 74కి కట్టడి చేయమని అడగవలసి వచ్చిందంటే అసలు ఎంతసేపు పని చేయిస్తున్నారో ఆలోచించండి.

ఇక రాత్రి కూర్చోవడం. ఒక రాత్రి సంగతి చెబుతాను. నలభై మంచాల వార్డు, నేల మీద పరుపుల్లో మరో పదిమంది, ఇద్దరం నర్సులం. మూడు గంటలవేళ ఆయాసంతో ఎగపోస్తున్న ఒక పెద్దాయనకు ఆక్సిజన్ మాస్కు సరిచేస్తున్నాను. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అవతలి మూల సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. “నర్సమ్మా, ఒక్కసారి ఇటు రావమ్మా” అని ఎవరో పిలుస్తున్నారు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని పరుగెత్తాను. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఆ రాత్రి మా వాటా తలకు పాతికమంది. తెల్లవారాక మీకు కూర్చుని కనబడిన నర్సు కేస్ షీట్లు రాస్తోంది. అందులో ఒక్క మందు రాయడం మరిచినా పగటి నర్సు అదే మందు రెండోసారి ఇచ్చే ప్రమాదం ఉంది.

కసురుకునే నర్సులు లేరా? ఉన్నారు. నేనూ కసురుకున్నాను. అది తప్పే. కానీ పాతికమందిని ఒక్కరికే అప్పగించినవారి తప్పు మాటేమిటి?

జీతాల సంగతి. సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఇప్పటికీ అంత అందనివాళ్ళు చిన్న నర్సింగ్ హోముల్లో ఎందరో. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉండిపోయి, మానేసి వెళ్ళలేనివాళ్ళూ ఉన్నారు.

ధ్యానం మంచిదే, కాదనను. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలా అలసి కుంగిపోవడాన్ని నిర్వచించినప్పుడు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిచేయకపోవడమే దానికి మూలమని చెప్పింది. దాన్ని జబ్బుగా లెక్కించలేదు, వృత్తికి సంబంధించిన పరిస్థితి అంది. సరిచేయవలసింది డ్యూటీ చార్టును, ఖాళీగా పడి ఉన్న పోస్టులను. ఆ రాత్రి వార్డులో మూడో నర్సు ఉండి ఉంటే, ఆ పెద్దాయన తనంతట తాను చెయ్యి వదిలేదాకా పక్కనే నిలబడేదాన్ని.