బల్లపరుపు చేపను తిరుపతికి పిలిపించాలి

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాకు సముద్రం కూడా వచ్చింది. దాన్ని మనం ఇంతవరకు సద్వినియోగం చేసుకోలేదు. సముద్రం అడుగున ఇసుకలో కనపడకుండా పడుకునే బల్లపరుపు చేపను ఇక్కడికి రప్పించి, తిరుపతివాసులకు శిక్షణ ఇప్పించాలని నా విన్నపం.

ఎందుకంటారా? "ఒరేయ్ అబ్బోడా, యాడుండావు? రేణిగుంట దాటేసినాం. బ్రేక్ దర్శనం లెటర్ సంగతి ఏమైంది?" అని మేనమామ ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది.

ఈ చేప పుట్టినప్పుడు మామూలు చేపే, చెరో పక్క ఒక కన్ను. పెరిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా రెండో పక్కకు జరిగిపోతుంది. బదిలీ మీద తిరుపతి వచ్చిన ఉద్యోగికీ ఇంతే. మొదటి వైకుంఠ ఏకాదశి దాటేసరికి రెండు కళ్లూ ఫోన్ తెర మీదికి చేరతాయి. చేరాలి కూడా. ఈ చేప తాను పడుకున్న నేల రంగులోకి మారిపోతుంది; ఆ రంగును కంటితో చూస్తేనే దాని మెదడు చర్మంలోని రంగు కణాలకు ఆజ్ఞ ఇస్తుంది. కళ్లు మూస్తే ఆ విద్య పనిచేయదు. నంబరు చూడకుండా ఫోన్ ఎత్తేవాళ్లు ఇది గమనించాలి.

1911లో సమ్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ చేపలను చదరంగం గళ్ల మీద పడుకోబెట్టాడు. అవి ఒంటి మీద తెలుపు నలుపు మచ్చలు తెచ్చుకుని చూపించాయి. మన పక్క తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ బృందం 1996లో లెక్కగట్టింది: ఒక ఉష్ణమండల జాతికి రంగు మార్చడానికి రెండు నుంచి ఎనిమిది సెకన్లు చాలట. ఫోన్ రెండు మోతలు మోగేలోపు మనిషి "మదనపల్లెలో ఉండా మామా" అనే స్థితికి రావాలంటే ఈ వేగం కావాల్సిందే.

ఇంకా నైపుణ్యముంది. రెక్కలు టపటప కొట్టి ఇసుక తన మీద తానే పోసుకుని, కళ్లు మాత్రం బయట పెట్టుకుంటుంది. వాట్సాప్‌లో నీలం టిక్కులు ఆపేసి అందరి స్టేటస్‌లూ చూసేవాళ్లకు ఈ పాఠం అక్కర్లేదు.

ఒక్క చిక్కు. కదిలితే దొరికిపోతుంది. విష్ణు నివాసం ముందు టీ తాగుతూ, లగేజీతో స్టేషన్‌లోంచి బయటికొస్తున్న మేనమామ కంట పడినవాడిని ఏ రంగూ కాపాడలేదు.

అన్నట్టు, ఆ చేప కింది వైపు తెల్లగానే ఉంటుంది, అటు ఎవరూ చూడరు కాబట్టి. మన కింది వైపు ఏముందో, పిల్లవాడి కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఆ మేనమామ ఇంట్లోనే దిగే మనకు తెలుసు. శిక్షణలో ఆ భాగం ఐచ్ఛికంగా ఉంచితే మేలు.