మారిషస్‌లో ఎండ ఒకటే, గాలి వేరు

జనవరిలో మారిషస్ వెళ్లేవారికి మీ వ్యాసం ఇచ్చిన భరోసా, వారమంతా ఎండగా ఉన్నా గాలి చల్లబరుస్తుందన్నది, తూర్పు తీరానికి సరిగ్గా సరిపోతుంది. అక్కడి బెల్ మార్ ఊళ్లో ఆగ్నేయ వ్యాపార పవనాలు సముద్రం మీదుగా నేరుగా వచ్చి తాకుతాయి. అవే పవనాలు మధ్య పీఠభూమిని ఎక్కేటప్పుడు తేమను అక్కడే కురిపించేస్తాయి. అందుకే ఆ పీఠభూమి మీది క్యూర్‌పైప్ పట్టణంలో, జనవరి అక్కడ నడి వేసవి అయినా, జల్లులు పడతాయి. కొండ దిగి పడమటికి చేరేసరికి గాలిలో తేమ తగ్గి వేడెక్కుతుంది. అటువైపున్న రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో మధ్యాహ్నం నడిచినవారికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంత చిన్న దీవిలో ఇన్ని వాతావరణాలు ఉండటం నాకు ఎప్పటికీ తరగని ఆశ్చర్యం!

మీరు తప్పక చేర్చాల్సిన మాట మరొకటి ఉంది. ఆ నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. గాలి వల్ల చెమట వెంటనే ఆరిపోయి, చర్మం కమిలిపోతున్న సంగతి తెలియదు. పిల్లలతో వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. టోపీ, మంచినీళ్లు వెంట ఉండాలి, పదకొండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉండాలి. అది తుపాన్ల కాలం కూడా కాబట్టి స్థానిక వాతావరణ హెచ్చరికలను రోజూ చూసుకోవాలి. చెరకు తోటల్లో పని చేయడానికి పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వెళ్లిన మన తెలుగువారు ఈ ఎండలోనే బతుకులు నిలబెట్టుకున్నారు. వారి గురించి కూడా ఒక వ్యాసం రాయండి.