బాడీ కంటే ముందు లెన్స్ చూడాలె
మొదటి కెమెరా కొనేటోళ్లు పైసల్లో ఎక్కువ భాగం కొత్త బాడీకే, అంటే లెన్స్ లేని వట్టి కెమెరాకే పెట్టాలె, లెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చని కొందరు రాసిన్రు. నేనైతే ఒప్పుకోను. మా నల్గొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలో, ఆ మసక వెలుతురులో స్తంభాల చెక్కడాలు తీసి చూడుండ్రి, తెలుస్తది. బాడీతో వచ్చే 18-55 కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతది (ఎఫ్ అంకె ఎంత చిన్నగుంటే లోపలికి అంత ఎక్కువ వెలుతురు). ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సెట్టింగ్ పెంచితే రాతి మీది సన్నపని అంతా గింజలు గింజలు. ఎఫ్ 1.8 లెన్స్‌కు అంతకు తొమ్మిది రెట్ల పైనే వెలుతురు దొరుకుతది, బాడీ పాతదైనా సరే. అందరు 50 ఎంఎం కొనమంటరు గానీ నికాన్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ మీద అది 75 లెక్క దగ్గరికి గుంజి చూపిస్తది, గుడి లోపల వెనక్కి జరగనీకి జాగా ఏది? 35 ఎంఎం నయం. ఒక్క మాట మాత్రం దుకాణంల ఎవరూ చెప్పరు: నికాన్ డి3000, డి5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు, ఏఎఫ్-ఎస్ లాంటి, లోపలే మోటర్ ఉన్న లెన్సే తీసుకోవాలె. లోపల మోటర్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్ చౌకగా వచ్చిందని తెస్తే ఫోకస్ చేత్తో తిప్పుకునుడే. బాడీ సెకండ్ హ్యాండ్‌ది చాలు. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిన్రో అడగాలె, ఎఫ్ 16లో తెల్లగోడను ఒక ఫొటో తీసి సెన్సర్ మీద మచ్చలున్నయా చూడాలె. పిట్టల ఫొటోల పిచ్చి ఉన్నోళ్లకు మాత్రం నా లెక్క పనికిరాదు, వాళ్లకు పొడుగు జూమే కావాలె, ఆ ఖర్చు వేరే.