పాదిరికీ పాదాలకీ ఏం సంబంధం?

కడప, ప్రొద్దుటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. క్రైస్తవ మతగురువును పిలిచే ‘పాదిరి’ అనే మాట సంస్కృత ‘పాదం’ నుంచి పుట్టిందట, జనం పాదాలు పట్టుకుని మతంలోకి లాగేవాడని అర్థమట. దాన్ని ఇంగ్లీషువాళ్లు కల్పించారట. పైగా అది తిట్టట. మూడూ తప్పే.

ముందు పాదం సంగతి. పోర్చుగీసులో క్రైస్తవ గురువును ‘పాద్రె’ అంటారు. దాని మూలం లాటిన్ ‘పాతెర్’, అంటే తండ్రి. 1498లో కాలికట్ చేరి, 1510లో గోవా పట్టుకున్న పోర్చుగీసువాళ్లతో ఆ మాట మన దేశానికి వచ్చింది. తమిళంలోనూ పాదిరే, హిందీ ఉర్దూల్లో పాద్రీ. ‘ద్ర’ను విడగొట్టి పలకడం మనకు కొత్త కాదు, చంద్రుణ్ణి చందురుణ్ణి చేసుకున్నాం కదా. మేస్త్రీ, అల్మారా, బొత్తాం, అనాస, ఆయా కూడా పోర్చుగీసు సరుకే. మేస్త్రీకి ఇంకా ఎవరూ సంస్కృత వ్యుత్పత్తి ఫార్వర్డ్ చేయలేదు, సంతోషం.

సంస్కృతంలో చుట్టం కావాలంటే ఉన్నాడు: ‘పితృ’. పితృ, పాతెర్, ఇంగ్లీషు ఫాదర్ ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతానికీ లాటిన్‌కీ ఈ పోలికలున్నాయని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపిన కూర్దూ, తెలుగు నేర్చిన ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ అనే క్యాథలిక్ సంఘం సభ్యుడు). అంటే ఆయనా ఒక పాదిరే!

ఇంగ్లీషువాళ్ల కల్పన అన్నది తారీఖుల ముందు నిలవదు. ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1600లో. ఫ్రాన్సిస్ జేవియర్ అనే పాదిరి గోవాలో దిగింది 1542లో. మన సీమనే చూడండి: నిజాం దత్త మండలాలను కంపెనీకి రాసిచ్చింది 1800లో, లండన్ మిషన్ అనే ఇంగ్లీషు మతప్రచార సంస్థ కడపకు వచ్చింది 1822లో. అనంతపురం వైపు కృష్ణాపురంలో ఫ్రెంచి జెస్యూట్లు అంతకు చాలా ముందే పనిచేశారు. నిజానికి ఇంగ్లీషువాళ్లే ఈ మాటను అరువు తీసుకున్నారు. బ్రిటిష్ సైన్యంలో మతగురువును ఇప్పటికీ ‘పాద్రే’ అనే పిలుస్తారు, అదీ గౌరవంగా.

ఇక తిట్టు అన్న మాట. ఇక్కడ సీఎస్ఐ (ప్రొటెస్టెంట్) వాళ్లు అయ్యగారంటారు, ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లు ఫాదర్ అంటారు. అందుకే పాదిరి వాడుకలో వెనకబడింది, అంతే. ఎదురుగా నిలబడి “ఏం పాదిరీ” అంటే ఎవరికైనా కోపం వస్తుంది. అది ‘గారు’ పెట్టనందుకు.